పాడైన పీఎస్4: ఎప్పుడు బాగు చేయించాలి, ఎప్పుడు వదిలేయాలి

సోనీ వారి గేమింగ్ సెట్ ప్లేస్టేషన్ 4, అదే పీఎస్4, మన దేశంలో 2014 జనవరిలో 39,990 రూపాయల ధరతో అమ్మకానికి వచ్చింది. 2016లో ప్రపంచ మార్కెట్‌లోకి స్లిమ్ (పలచటిది), ప్రో (శక్తి ఎక్కువది) మోడళ్లు దిగాయి. ప్రపంచమంతటా 11.7 కోట్లకు పైగా అమ్ముడుపోయిన సెట్ కాబట్టి విడిభాగాలకు ఇప్పటికీ కరువు లేదు. ఇళ్లలో, గేమింగ్ పార్లర్లలో ఇంకా చాలా సెట్లు ఆడుతూనే ఉన్నాయి. వయసు మీద పడ్డ సెట్లు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తాయి. షాపులో "బోర్డు పోయింది సార్" అన్న ఒక్క మాట వినగానే సెట్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేసి పీఎస్5 ధర వెతుక్కునేవాళ్లు చాలామంది. అందులో సగానికి సగం తొందరపాటు.

తీర్పు ముందే చెప్పేస్తాం. మెయిన్ ప్రాసెసర్ చిప్ బతికి ఉన్న పీఎస్4ను బాగు చేయించుకోవడం దాదాపు ఎప్పుడూ లాభమే. ఆ చిప్ గానీ, దాన్ని బోర్డుకు అతికించే కింది జాయింట్లు గానీ పోయిన పీఎస్4 మీద రూపాయి కూడా పెట్టొద్దు. ఈ రెండింట్లో మీది ఏదో తేల్చుకోవడానికి ముందుగా పెట్టాల్సిన ఖర్చు ఒక స్క్రూడ్రైవర్, పావుగంట సమయం. ఆ పరీక్ష చేయకుండా సెట్‌ను ఎవరి చేతికీ ఇవ్వకండి.

ముందు లైటు చూడండి

సెట్ పైనున్న లైటు చాలా సంగతులు చెబుతుంది. బటన్ నొక్కగానే బీప్ వచ్చి, నీలం లైటు కాసేపు వెలిగి తెల్లగా మారితే సెట్ లేచినట్టే. నీలం లైటు కొట్టుకుంటూ కొట్టుకుంటూ చివరికి ఆరిపోతే సెట్ లేవలేకపోతోంది. అలాగని చిప్ పోయిందని అప్పుడే తీర్మానించకూడదు. హార్డ్ డిస్క్ చెడినా, పవర్ సప్లై నీరసించినా ఇదే లక్షణం. తెల్ల లైటు నిలకడగా ఉండి టీవీలో మాత్రం బొమ్మ రాకపోతే అది హెచ్‌డీఎంఐ (టీవీకి బొమ్మను మోసే వైరు, పోర్టు) వైపు తేడా. ఎర్ర లైటు వెలిగితే వేడి ఎక్కువైంది. బీప్ లేదు, లైటూ లేదు అంటే పవర్ సప్లై గానీ, బోర్డులో షార్ట్ గానీ.

ఇప్పుడు అసలు పరీక్ష. పవర్ వైరు పీకేసి హార్డ్ డిస్క్ బయటికి తీయండి. మొదటి తరం సెట్లలో, అంటే సీయూహెచ్-1000, 1100 అనే మోడల్ నంబర్ల సెట్లలో, పైమూత మీద మెరిసే భాగాన్ని పక్కకు తోస్తే ఊడి వస్తుంది. దాని కింద ప్లేస్టేషన్ గుర్తులు చెక్కిన ఒక పెద్ద స్క్రూ ఉంటుంది. అది విప్పితే డిస్క్ ట్రేతో సహా బయటికి జారుతుంది. స్లిమ్, ప్రో మోడళ్లలో వెనక మూలనున్న చిన్న మూత తీస్తే అదే పద్ధతిలో ఒక స్క్రూ. సెట్ పూర్తిగా విప్పాల్సిన పని లేదు. డిస్క్ లేకుండా వైరు పెట్టి ఆన్ చేయండి. కంట్రోలర్‌ను యూఎస్‌బీ వైరుతో కలపమని టీవీ అడిగినా, సిస్టమ్ స్టోరేజ్ దొరకలేదంటూ సీఈ-34335-8 ఎర్రర్ చూపించినా మీ సెట్ ప్రాణానికి ఢోకా లేదు. ప్రాసెసర్, మెమరీ, పవర్ సప్లై, హెచ్‌డీఎంఐ, నాలుగూ పనిచేస్తేనే ఆ మెసేజ్ తెర మీదకు వస్తుంది. అప్పుడు తేడా హార్డ్ డిస్క్‌లోనో, అందులోని సాఫ్ట్‌వేర్‌లోనో ఉన్నట్టు. డిస్క్ తీసినా నీలం లైటు కొట్టుకుని ఆరిపోతుంటే డిస్క్ నిర్దోషి, రోగం లోపల ఉంది.

ఈ ఒక్క పరీక్ష ఫలితాన్ని ఫోన్‌లో వీడియో తీసి షాపుకు వెళితే మాటల తీరే మారిపోతుంది. "మదర్‌బోర్డ్ మార్చాలి" అనే మాట అంత తేలిగ్గా రాదు.

హార్డ్ డిస్క్ పోయిన సెట్: కళ్లు మూసుకుని బాగు చేసుకోండి

గేమ్ మధ్యలో ఆగిపోవడం, మెనూ కదలడానికి పది సెకన్లు పట్టడం, సీఈ-34878-0 అంటూ గేమ్ మాటిమాటికీ మూసుకుపోవడం, ఇవన్నీ ముసలి హార్డ్ డిస్క్ గుర్తులు కావచ్చు. సెట్‌తో వచ్చేది నిమిషానికి 5400 చుట్లు తిరిగే మామూలు ల్యాప్‌టాప్ డిస్క్. దాని బదులు 2.5 అంగుళాల శాటా (ల్యాప్‌టాప్ డిస్కుల మామూలు కనెక్షన్) ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్, ఏదైనా సరిపోతుంది. మందం 9.5 మిల్లీమీటర్లు దాటకూడదు, కెపాసిటీ 250 జీబీ లోపు ఉండకూడదు. 240 జీబీ అని రాసి ఉన్నది కొని తర్వాత బాధపడేవాళ్లు ఉన్నారు, 480 గానీ 500 గానీ తీసుకోండి. ఖరీదైన ఎస్ఎస్‌డీ దండగ. పాత మోడల్‌లోనూ స్లిమ్‌లోనూ శాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లకే పరిమితం, ప్రోలో మాత్రం 6 ఉంటుంది.

కొత్త డిస్క్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించడం దగ్గర చాలామంది చిక్కుకుంటారు. ప్లేస్టేషన్ సైట్‌లో రెండు ఫైళ్లు ఉంటాయి. చిన్నది అప్‌డేట్ కోసం, ఒక జీబీ చుట్టుపక్కల ఉండే పెద్దది మొత్తం మళ్లీ ఎక్కించడానికి. ఖాళీ డిస్క్‌కు కావాల్సింది పెద్దదే. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఫార్మాట్ చేసి, అందులో పీఎస్4 అనే ఫోల్డర్, దాని లోపల అప్‌డేట్ అనే ఫోల్డర్, రెండూ ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే పెట్టాలి. ఫైలు పేరు చివర బ్రౌజర్ తగిలించిన అంకె ఏదైనా ఉంటే చెరిపేయాలి. ఈ పేర్లలో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫైలు దొరకలేదని ఎస్‌యూ-30746-0 చూపిస్తుంది. తర్వాత పవర్ బటన్‌ను దాదాపు ఏడు సెకన్లు, రెండో బీప్ వచ్చేదాకా నొక్కి పట్టి సేఫ్ మోడ్ అనే బాగుచేతల మెనూలోకి వెళ్లి ఏడో ఆప్షన్ ఎంచుకోవాలి. కంట్రోలర్ స్పందించడం లేదంటే వైరు మార్చి చూడండి. ఛార్జింగ్‌కే పనికొచ్చే వైర్లు డేటా మోయవు.

కొత్త డిస్క్ కొనేముందు అదే సేఫ్ మోడ్‌లో ఐదో ఆప్షన్, డేటాబేస్‌ను పునర్నిర్మించేది, ఒకసారి నడపండి. గేములు, సేవ్‌లు పోవు. సాఫ్ట్‌వేర్ చిక్కుముడి అయితే అక్కడితో తీరిపోతుంది.

పవర్ సప్లై: బొద్దింకల దెబ్బ

మన ఊళ్లలో పీఎస్4 పవర్ సప్లై చావుకు కరెంటు హెచ్చుతగ్గులతో పాటు ఒక పెద్ద కారణం బొద్దింకలు. టీవీ స్టాండ్ చీకట్లో వెచ్చగా ఉండే చోటు, వెనకాల వెడల్పాటి గాలి సందులు, వాటికి ఇంతకన్నా ఏం కావాలి? అవి లోపల చేరి విసర్జించింది తేమతో కలిసి సర్క్యూట్ మీద కరెంటుకు దారి చేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తుప్పు కూడా తోడవుతుంది. సెట్‌లోంచి కాలిన వాసన వచ్చి, బీప్ లేకుండా చచ్చిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

దీన్ని విప్పి కెపాసిటర్లు మార్చే ప్రయత్నం ఇంట్లో చేయొద్దు. వైరు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్రమాదకరమైన వోల్టేజ్ నిలిచి ఉంటుంది. యూనిట్ మొత్తంగా మార్చడమే మంచి పద్ధతి, అది అయిదు నిమిషాల పని. కష్టమంతా సరైన నంబరు పట్టుకోవడంలో ఉంది. సీయూహెచ్-1000 మోడల్‌కు అయిదు పిన్నుల ఏడీపీ-240ఏఆర్, 1100కు నాలుగు పిన్నుల ఏడీపీ-240సీఆర్, 1200కు ఏడీపీ-200ఈఆర్. స్లిమ్‌కు 160 శ్రేణి, ప్రోకు 300 శ్రేణి. "అన్నీ ఒకటే సార్, సరిపోతుంది" అనే మాట నమ్మొద్దు. పాతదాని మీది స్టిక్కర్ ఫొటో తీసుకుని అదే నంబరు అడగండి. హైదరాబాద్‌లో అయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్), కోఠి గుజరాతీ గల్లీ చుట్టూ వెతికితే దొరికే అవకాశం ఎక్కువ. చైనా నకళ్ల కంటే చెడిపోయిన సెట్‌లోంచి తీసిన అసలు యూనిట్ మేలు.

మార్చేముందు తప్పనిసరిగా చేయించాల్సిన పని ఒకటుంది. పాత మోడల్ బోర్డు మీద పవర్ సప్లైలోకి దూరే రెండు రాగి పలకలు ఉంటాయి. 12 వోల్టులు వెళ్లే దారి అది. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి రెండు పలకలనూ ముట్టిస్తే ఆగకుండా బీప్ మోగుతోందంటే బోర్డులోనే షార్ట్ ఉంది. ఎన్ని కొత్త పవర్ సప్లైలు పెట్టినా ఆ సెట్ లేవదు. ఈ ఒక్క నిమిషం పరీక్ష ఎగ్గొట్టే షాపులో మీరు కట్టిన పవర్ సప్లై డబ్బులు వృథా అయ్యే ప్రమాదం ఉంది.

హెచ్‌డీఎంఐ: పార్టు చవక, చేయి ఖరీదు

తెల్ల లైటు, నల్ల తెర. పీఎస్4కు ఎక్కువగా వచ్చే జబ్బుల్లో ఇదొకటి. ముందు వేరే కేబుల్, వేరే టీవీ, సేఫ్ మోడ్‌లో రెజల్యూషన్ మార్చే రెండో ఆప్షన్, ఈ మూడూ అయ్యాక పోర్టులోకి టార్చ్ వేసి చూడండి. లోపలి నాలుక విరిగినా, పిన్నులు వంగినా కంటికే కనిపిస్తుంది.

పోర్టు మార్చడం అంటే 19 సన్నటి పిన్నులు, నాలుగు లోహపు కాళ్లు తీసి మళ్లీ అతకడం. పార్టు ధర కొద్దిగానే ఉంటుంది, డబ్బంతా పనితనానికే. పీఎస్4 బోర్డు లోపలి రాగి రేకు (గ్రౌండ్ పొర) వేడిని లాగేసుకుంటుంది. బోర్డును కిందినుంచి వేడిచేసే ప్రీహీటర్ పెట్టకుండా పైనుంచి హాట్ ఎయిర్ మాత్రమే కొట్టేవాళ్లు సోల్డర్ కరగక ముందే పోర్టు పీకేస్తారు. దాంతో బోర్డు మీద పిన్నులు అతికే చిన్న రాగి ప్యాడ్లు ఊడిపోతాయి. ప్యాడ్లు ఊడాక ఆ పని చేయగలవాళ్లు బాగా తగ్గిపోతారు, ఖర్చు పెరుగుతుంది. అందుకే హెచ్‌డీఎంఐ విషయంలో మొదటి చెయ్యి ఎవరిదన్నదే ముఖ్యం. గేమింగ్ షాపే కానక్కర్లేదు. మైక్రోస్కోప్ కింద పనిచేసే మంచి ల్యాప్‌టాప్ చిప్ లెవెల్ సర్వీస్ వాళ్లు ఈ పని చక్కగా చేస్తారు. పని అయ్యాక మైక్రోస్కోప్‌లో పిన్నుల వరసను చూపించమనండి. బొమ్మ వస్తుండగా కేబుల్‌ను మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి. మిణుకుమంటే పని సగమే అయింది.

పోర్టు బాగానే ఉండి బొమ్మ రాకపోతే దాని వెనకనున్న హెచ్‌డీఎంఐ ఐసీ, అంటే బొమ్మను పోర్టుకు పంపే చిన్న చిప్, పోయి ఉండొచ్చు. పాత మోడళ్లలో పానాసోనిక్ ఎంఎన్86471ఏ, స్లిమ్, ప్రోలలో ఎంఎన్864729. ఇది పోర్టు కంటే కష్టమైన సోల్డరింగ్, అయినా అలవాటున్న వాళ్లకు సాధ్యమే. ఖర్చు చేయదగ్గదే. ఐసీ ఎందుకు పోతుందో తెలిస్తే మళ్లీ పోకుండా చూసుకోవచ్చు. పీఎస్4 పాత మోడల్, స్లిమ్‌ల వైరుకు రెండే పిన్నులు, ఎర్తింగ్ ఉండదు. ఆన్‌లో ఉన్న సెట్ లోహపు భాగం తాకితే సన్నగా జివ్వుమనిపించేది ఆ లీకేజీ కరెంటే. టీవీకి డిష్ కేబుల్ తగిలించి, రెండూ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ పీకి పెడితే ఆ వోల్టేజ్ తేడా అంతా ఆ సన్నటి ఐసీ మీద పడుతుంది. కేబుల్ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ రెండు ప్లగ్గులూ గోడ నుంచి తీసేయడం ఒక్కటే దీనికి మందు.

వేడి, ఫ్యాను రొద

ఇది బాగుచేత కాదు, సంరక్షణ. కానీ దీన్ని వాయిదా వేసిన సెట్లే చివరికి చిప్ పోగొట్టుకుంటాయి. ఫ్యాను విమానంలా మోగడం, ఎర్ర లైటు, మధ్యలో ఆగిపోవడం మొదలైతే విప్పి శుభ్రం చేయించే సమయం దాటిపోయింది. సెక్యూరిటీ స్క్రూలకు మధ్యలో చిల్లున్న టీ8 టార్క్స్ బిట్ కావాలి. ఫ్యాను తీసి హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మూతి చూడండి. అక్కడ దుమ్ము కంబళిలా పరుచుకుని ఉంటుంది. బయటి సందుల్లోంచి బ్లోయర్ కొడితే ఆ పొర లోపలికే దిగుతుంది, ఊడి రాదు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి.

ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు చేర్చే పేస్ట్ ఎండిపోయి ఉంటే దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఇందులో చిప్ మీద లోహపు మూత ఉండదు, సిలికాన్ నేరుగా హీట్‌సింక్‌కు తగులుతుంది. కాబట్టి కొత్త పేస్ట్ మూలమూలకూ పలచగా పరవాలి, నడిమధ్య ఒక చుక్క వేసి వదిలేస్తే మూలలు ఎండిపోతాయి. బిగించే రెండు స్క్రూలను కొంచెం ఇటు, కొంచెం అటు చొప్పున సమానంగా తిప్పాలి. మెమరీ చిప్‌ల మీది థర్మల్ ప్యాడ్లు చిరిగితే అదే మందం ప్యాడ్లు వేయాలి. మందం ఎక్కువైతే ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య సందు మిగులుతుంది, పేస్ట్ ఎంత మంచిదైనా వేడి తగ్గదు. పేస్ట్ మార్చాక సెట్ ఇంకా వేడెక్కుతోందంటే ముందు చూడాల్సింది ఇదే.

ప్రో మోడళ్లలో మొదటిది సీయూహెచ్-7000 బాగా రొద చేస్తుంది, అది దాని స్వభావం. చివరగా వచ్చిన 7200 నెమ్మది. సెకండ్ హ్యాండ్‌లో ప్రో కొనేవాళ్లు ఈ నంబరు చూసుకోవాలి.

డిస్క్ డ్రైవ్, చిన్నాచితకా రోగాలు

డిస్క్ గుర్తించకపోతే లెన్స్ శుభ్రం చేయించడం, లేదా లేజర్ ఒక్కటీ మార్చడం సరిపోతుంది. పాత మోడల్‌కు 490 లేదా 860, స్లిమ్, ప్రోలకు 496 నంబరు లేజర్ వస్తుంది. డ్రైవ్ మొత్తం మార్చేటట్టయితే జాగ్రత్త. డ్రైవ్ సర్క్యూట్ మీ మదర్‌బోర్డ్‌తో జతకట్టి ఉంటుంది. విడిగా బోర్డున్న డ్రైవుల్లో పాత బోర్డును కొత్త డ్రైవ్‌లోకి మార్చాలి, లేకపోతే గేములు నడవవు. డ్రైవ్ అక్కర్లేదు, డిజిటల్ గేములే ఆడతాను అని పీకేసినా కుదరదు, సిస్టమ్ అప్‌డేట్ దగ్గర సెట్ ఆగిపోతుంది. పాత బోర్డును కొత్త డ్రైవ్‌లోకి మార్చారో లేదో అడిగి తెలుసుకోండి.

సీయూహెచ్-1000, 1100 సెట్లు ఎవరూ ముట్టుకోకుండానే డిస్క్‌ను బయటికి నెట్టేస్తుంటే కంగారు పడి డ్రైవ్ మార్పించకండి. వీటిలో టచ్ బటన్లు. ఎజెక్ట్ బటన్ కిందివైపునున్న రబ్బరు కాలు ఉబ్బి పైకి ఒత్తడం వల్ల వచ్చే తంటా ఇది. ఆ రబ్బరు కాలు తీసేస్తే చాలాసార్లు తగ్గిపోతుంది.

తేదీ మాటిమాటికీ వెనక్కి పోతుంటే లోపలి సీఆర్2032 బటన్ సెల్ అయిపోయింది, వంద రూపాయల లోపు వస్తువు. ఆ సెల్ పోయి నెట్ కూడా లేకపోతే గేములే తెరుచుకోని ఇబ్బంది ఒకప్పుడు ఉండేది. 2021 సెప్టెంబరులో వచ్చిన 9.00 అప్‌డేట్‌తో అది పోయింది.

కంట్రోలర్ స్టిక్ దానంతటదే కదులుతుంటే అందులో స్టిక్ కదలికను కొలిచే భాగం (పొటెన్షియోమీటర్) అరిగింది. స్టిక్ మాడ్యూల్‌కు 14 జాయింట్లు. సోల్డరింగ్ వచ్చినవాళ్లకు అరగంట పని. కంట్రోలర్ బ్యాటరీ కొనేటప్పుడు కనెక్టర్ సైజు చూసుకోండి, పాత, కొత్త కంట్రోలర్లకు తేడా ఉంటుంది.

ఇక్కడ ఆగండి

డిస్క్ తీసి చూశారు, తెలిసిన మంచి పవర్ సప్లై పెట్టి చూశారు, అయినా నీలం లైటు కొట్టుకుని ఆరిపోతోంది. అంటే ప్రాసెసర్ గానీ, దాని కింది సోల్డర్ బంతులు గానీ, మెమరీ గానీ పోయి ఉండే అవకాశం ఎక్కువ. "రీబాల్ చేస్తే వచ్చేస్తుంది", అంటే చిప్‌ను ఊడదీసి కింద కొత్త సోల్డర్ బంతులు వేసి మళ్లీ అతికిస్తే లేస్తుంది, అనే ఆశ ఇక్కడ మొదలవుతుంది. హాట్ ఎయిర్ కొట్టి లేపడం పచ్చి మోసం. వేడికి పగిలిన జాయింట్ తాత్కాలికంగా కలుస్తుంది, కొన్ని వారాలకో నెలలకో మళ్లీ విడిపోతుంది. నిజమైన రీబాల్ మెషీన్ మీద నిపుణుడు చేసినా, పగులు చిప్ లోపలి పొరల మధ్య ఉంటే ఆ శ్రమకు ఫలితం ఉండదు. ఎక్స్‌బాక్స్ 360లో ఈ తరహా లోపం ఎంత పెద్దదయిందంటే, 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పొడిగించి వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. తయారుచేసినవాళ్లకే అంత ఖర్చయిన జబ్బు వీధి చివరి హీట్ గన్‌తో నయమవుతుందని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి.

లెక్క ఇలా కట్టండి. మీ మోడల్‌దే పనిచేస్తున్న సెకండ్ హ్యాండ్ సెట్ ధర మీ ఊళ్లో ఎంతుందో కనుక్కోండి. బాగుచేత అందులో మూడో వంతు లోపు అయితే ఆలోచించకుండా చేయించండి. సగం దాటితే వద్దు. ఈ రెండింటి మధ్యలో ఉంటే సెట్ ఇంతకుముందు ఎవరైనా విప్పారా అన్నది చూసి తేల్చుకోండి. ఎవరూ ముట్టుకోని బోర్డు మీద డబ్బు పెట్టొచ్చు. ఇప్పటికే రెండు షాపులు తిరిగి, సోల్డరింగ్‌లో వాడే జిగురు (ఫ్లక్స్) మరకలతో, లేని స్క్రూలతో వచ్చిన బోర్డు మీద పెట్టొద్దు.

ఈ లెక్కను తలకిందులు చేసేది ఒక్కటే, మీ సేవ్ ఫైళ్లు. పీఎస్4 హార్డ్ డిస్క్‌లోని డేటా ఆ సెట్‌కే తాళం వేసి ఉంటుంది. డిస్క్ తీసి ఇంకో పీఎస్4లో పెడితే అది ఫార్మాట్ చేయమంటుంది. ప్లేస్టేషన్ ప్లస్ క్లౌడ్‌లో గానీ యూఎస్‌బీలో గానీ కాపీ లేకపోతే, ఏళ్ల తరబడి ఆడిన ఆటలన్నీ ఆ బోర్డు బతికితేనే బతుకుతాయి. అలాంటప్పుడు హెచ్‌డీఎంఐ బాగుచేతకు కొంచెం ఎక్కువైనా పెట్టండి, లేవగానే మొదటి పనిగా సెట్టింగ్స్‌లో సేవ్ డేటాను యూఎస్‌బీలోకి కాపీ చేసుకోండి. పోర్టు ఒక్కటే విరిగి సెట్ మామూలుగా లేస్తుంటే, రిమోట్ ప్లే ముందే ఆన్ చేసి ఉన్నవాళ్లు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెర చూస్తూ ఈ కాపీ పని పూర్తి చేసుకోవచ్చు.

మార్చాల్సి వస్తే

రెండు దారులున్నాయి. సెకండ్ హ్యాండ్ పీఎస్4 తీసుకుంటే స్లిమ్ మంచి ఎంపిక. ప్రాసెసర్ 28 నానోమీటర్ల నుంచి 16కు మారింది, వేడీ కరెంటూ తక్కువ. కొనే చోట అరగంట పెద్ద గేమ్ ఆడి చూడండి, డిస్క్ పెట్టి తీసి చూడండి, మీ అకౌంట్‌తో నెట్‌లో లాగిన్ అవ్వండి. నిషేధం పడిన సెట్ అయితే అక్కడే తెలిసిపోతుంది. "జైల్‌బ్రేక్, నలభై గేములు లోడ్ చేసి ఇస్తాం" అనే సెట్‌ను, అంటే సోనీ పెట్టిన తాళం తప్పించిన సెట్‌ను, మీ అసలు అకౌంట్‌తో ముట్టుకోవద్దు. దాన్ని అప్‌డేట్ చేస్తే ఆ గేములు పోతాయి, నెట్‌లో పెడితే నిషేధం పడే ప్రమాదం ఉంటుంది.

పీఎస్5 స్లిమ్ 2024 ఏప్రిల్‌లో మన దగ్గర డిస్క్ మోడల్ 54,990, డిజిటల్ మోడల్ 44,990 రూపాయలకు దిగింది. కొనే రోజు ధర చూసుకోండి. పీఎస్4 గేముల్లో దాదాపు అన్నీ అందులో నడుస్తాయి. మీ దగ్గర డిస్కులుంటే డిజిటల్ మోడల్ చవకగా కనిపించినా, విడిగా డిస్క్ డ్రైవ్ కొని తగిలించనిదే అది మీకు పనికిరాదు. పాత డ్యుయల్‌షాక్ 4 కంట్రోలర్లు పీఎస్5లో పీఎస్4 గేములకే పనిచేస్తాయి, పీఎస్5 గేములకు పనిచేయవు.

బాగుచేత దృష్టితో చూస్తే పీఎస్5 అంత దయగల సెట్ కాదు. ఎస్ఎస్‌డీ చిప్‌లు మదర్‌బోర్డ్ మీదే అతికి ఉంటాయి. అవి పోతే పీఎస్4లోలా స్క్రూ విప్పి మార్చుకోవడం కుదరదు. అదనంగా ఎం.2 ఎస్ఎస్‌డీ పెట్టుకునే చోటు ఉంది గానీ అది గేముల కోసమే. ప్రాసెసర్ మీద పేస్ట్ బదులు ద్రవ లోహం ఉంటుంది. అది కరెంటును మోస్తుంది కాబట్టి ఒక్క చుక్క పక్కకు జారినా షార్ట్ అవుతుంది. మామూలు పీఎస్4 మెకానిక్‌తో "పేస్ట్ మార్చండి" అని పీఎస్5 విప్పించొద్దు. హెచ్‌డీఎంఐ పోర్టు మాత్రం పీఎస్5లోనూ మార్చదగ్గదే. సెట్ ధర ఎక్కువ కాబట్టి అక్కడ బాగుచేత ఇంకా లాభం.

షాపుకు ఇచ్చేముందు వెనకనున్న సీరియల్ నంబరు, హార్డ్ డిస్క్ స్టిక్కర్, రెండూ ఫొటో తీసుకోండి. పరీక్ష ఫీజు ఎంత, బాగుకాకపోతే ఎంత, వారంటీ ఎన్ని రోజులు, పాత పార్టు తిరిగి ఇస్తారా, ఈ నాలుగూ రసీదు మీద రాయించుకోండి. రాయడానికి ఇష్టపడని చోట ఇవ్వొద్దు.

చచ్చిన సెట్‌ను వదిలేసేటప్పుడు పవర్ సప్లై, ఫ్యాను, డ్రైవ్ లేజర్ విడిగా అమ్మొచ్చు, వాటికి గిరాకీ ఉంది. హార్డ్ డిస్క్ మాత్రం దగ్గర ఉంచుకోండి, ఫార్మాట్ చేస్తే కంప్యూటర్ బ్యాకప్‌కు పనికొస్తుంది. మిగిలిన బోర్డును ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. ఆ సెట్ మీ అకౌంట్‌లో ప్రైమరీగా (ప్రధాన సెట్‌గా) నమోదై ఉంటే ఇక దాన్ని ఆన్ చేసి తీసే వీలుండదు కాబట్టి, వెబ్‌సైట్‌లో అకౌంట్ సెట్టింగ్స్‌కు వెళ్లి డీయాక్టివేట్ చేయండి. ఆ అవకాశం ఆరు నెలలకు ఒక్కసారే ఇస్తారు, కొత్త సెట్ చేతికొచ్చాకే వాడుకోండి.